‘మా ఇల్లు’ అనే ఫోల్డర్

మా ఇంటి కంప్యూటర్‌కు పేరు పెట్టింది నాన్న. కోరాపుట్ బజారు షాపు నుంచి వచ్చిన మనిషి దాన్ని ముందుగదిలో బల్ల మీద అమర్చి, తీగలన్నీ బిగించి, తెర మీద ఖాతాకు పేరు అడిగే చోటికి వచ్చి ఆగాడు. ఏం పేరు రాయమంటారని ఒడియాలో అడిగాడు. నాన్న అతన్ని లేపి, ఆ కుర్చీలో తను కూర్చున్నాడు. కీబోర్డుకు తెలుగు చేర్పించి, ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ ‘మా ఇల్లు’ అని కొట్టాడు. షాపు మనిషికి తెలుగు చదవడం రాదు. ఆ అక్షరాల వంక కాసేపు చూసి, బొమ్మలా ఉంది, బాగుంది అన్నాడు. నాన్న ఆ మాటకు ఎంత మురిసిపోయాడంటే, అతనికి రెండోసారి టీ ఇప్పించాడు.

నాన్న ఒక సర్కారీ ఆఫీసులో రికార్డు గది గుమాస్తా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒడియాలో రాయడం, ఇంగ్లీషులో నోట్ పెట్టడం. అమ్మ నర్సు. కాశీపూర్ ఆసుపత్రిలో పని. వారమంతా అక్కడి క్వార్టర్లోనే ఉండి శనివారం రైలుకు కోరాపుట్ వచ్చేది. నేను చదివింది ఒడియా మీడియం. తెలుగు నాకు బళ్లో ఎవరూ నేర్పలేదు. ఆదివారం గుడికి, అంటే చర్చికి, వెళ్లేముందు పాటల పుస్తకం ముందేసుకుని, వేలు కింద పెట్టి నాన్న చదివిస్తే వచ్చిన తెలుగు అది. అందుకే నేను ఇప్పటికీ చదివేటప్పుడు కొంచెం రాగం తీస్తానని నవ్వుతారు.

ఆ కంప్యూటర్‌లో నాన్న ఒక పని పెట్టుకున్నాడు. మా గుడికి వచ్చే తెలుగు కుటుంబాలు పది పన్నెండు. అందులో ముసలాళ్లు, ఎప్పుడో సముద్రం పక్క ఊళ్ల నుంచి టీచర్లుగా, నర్సులుగా ఈ కొండల్లోకి వచ్చినవాళ్లు, పుస్తకంలో లేని పాటలు పాడేవారు. జోలపాటలు, దంపుళ్ల పాటలు, ప్రార్థన పాటలకు తాము కట్టుకున్న చరణాలు. నాన్న ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ల ఇళ్లకు వెళ్లి కాగితం మీద రాసుకుని వచ్చి, వారమంతా ఆఫీసు నుంచి వచ్చాక టైపు చేసేవాడు. ఆఫీసులో ఒడియా టైపు నేర్చుకోవడం దీనికి పనికొచ్చింది. మీటల వరస రెండు భాషలకూ ఒకటేనట. ఒడియా ‘మ’ ఎక్కడుంటుందో తెలుగు ‘మ’ అక్కడే ఉంటుందని నాకు చాలాసార్లు చెప్పేవాడు. నేను వినేదాన్ని కాదు. ఇంకా టైపు కాని కాగితాల మీద కూరగాయలు తరగకూడదని అమ్మకు కూడా వారం వారం చెప్పేవాడు.

అప్పుడు నేను రాయగడలో ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉన్నాను. వానాకాలం సెలవులకు ఇంటికి వచ్చిన రెండో రోజో మూడో రోజో కొండచరియ విరిగి లైను మీద పడింది. రైళ్లు ఆగిపోయాయి. అమ్మ కాశీపూర్‌లో చిక్కుకుపోయింది. నేను కోరాపుట్‌లో ఉండిపోయాను. సెలవులయ్యే రోజున ప్రాజెక్టు చూపించాలి. కోరాపుట్, రాయగడల మధ్య స్టేషన్లన్నీ ఒక ఫైల్లో రాసిపెట్టి, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కు ఎంతసేపు పడుతుందో చెప్పే ప్రోగ్రాం అది, సి భాషలో. కాలేజీ ల్యాబులో సగం నడిచింది. మిగతా సగం ఆఖరి వారంలో ల్యాబుకు పోయి చేసుకోవచ్చనుకున్నాను. ఇప్పుడు ల్యాబు కొండలకు అవతల ఉంది.

మనం రాసిన ప్రోగ్రాంను కంప్యూటర్ నడిపేలా మార్చే కంపైలర్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. ఇంటి కంప్యూటర్‌లో వేసుకుంటే సరిపోతుందనుకున్నాను.

వెయ్యగానే, అసలు కంపైలరే కనబడడం లేదంది. పద్మపూర్‌లో ఉన్న నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. నా క్లాసే, హాస్టల్లో నా గదే. వాళ్ల నాన్నగారు అక్కడి బ్లాకాఫీసులో పనిచేసేవారు. మా డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే తప్ప సిగ్నల్ సరిగ్గా ఉండేది కాదు. గొడుగు పట్టుకుని అక్కడ నిలబడి మాట్లాడేదాన్ని.

“పాత్ పెట్టేవా?” అంది.

“పాత్ ఏటి?”

“కంపైలర్ ఏ ఫోల్డర్లో ఉన్నాదో కంప్యూటర్‌కి సెప్పాల కదే. సెప్పకపోతే దానికెలా తెలుత్తాది? ఇల్లు తెలీకుండా సుట్టమెలా వత్తాడు?”

ఎక్కడికి వెళ్లాలో, ఏం నొక్కాలో చెప్పింది. తడిచేత్తో అరచేతి మీద రాసుకుని కిందికి పరిగెత్తాను. పని చేసింది. కంపైలర్ దొరికింది. ప్రోగ్రాం ఇచ్చాను. ఈసారి నా ఫైలే లేదంది. ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ.’ ఫైలు నా కళ్లెదురుగా, తెర మీదే ఉంది. తీసి మళ్లీ పెట్టాను. పేరు మార్చాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. లేదంటే లేదంది. మళ్లీ డాబా ఎక్కాను.

“ఎర్రరు పూర్తిగా సదువు,” అంది.

“సి, యూజర్స్, తర్వాత రెండు ప్రశ్న గుర్తులు, కొంచెం ఖాళీ, మళ్లీ అయిదు ప్రశ్న గుర్తులు, తర్వాత డెస్క్‌టాప్…”

“ఆగాగు. ప్రశ్న గుర్తులేటే? అక్కడ ఏటి పేరుండాల?”

“మా ఇల్లు.”

“మీ ఇల్లు కాదే, ఫోల్డర్ పేరడుగుతన్నాను.”

“ఫోల్డర్ పేరే ‘మా ఇల్లు’. ఖాతాకి మా నాన్న పెట్టిన పేరే దానికీ వచ్చింది. తెలుగులో.”

అటువైపు అది పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. గొడుగు ఒక పక్కకు ఒరిగి భుజం తడిసింది.

“మూడక్షరాలకి ఏడు గుర్తులేటే?” అంది నవ్వాపుకుని. నాకు తెలియదన్నాను. “సరే గానీ, ఆ కంపైలర్‌కి తెలుగు రాదు. ఖాళీలంటే కూడా దానికి పడదు. రెండూ మీ ఇంట్లోనే ఉన్నాయి. నేను కనుక్కొని సెప్తాను, నువ్వేటీ ముట్టుకోకు.”

ముట్టుకోకు అని అది స్పష్టంగానే చెప్పింది. నేను ముట్టుకున్నాను.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. ఆ పేరు ఇంగ్లీషులోకి మారిస్తే తెగిపోయే గొడవకు ఇంకా కనుక్కోవడం ఎందుకనిపించింది. నాన్న ఆఫీసుకు వెళ్లాడు. పేరు మార్చబోతే, ఆ ఫోల్డర్ వాడుకలో ఉంది కుదరదంది. సరేనని ఇంగ్లీషు పేరుతో ఇంకో ఖాతా తెరిచి, దానికి అన్ని అధికారాలూ ఇచ్చి, అందులోంచి వెళ్లి ‘మా ఇల్లు’ చెరిపి ‘హోమ్’ అని కొట్టాను. ఇది మార్చడానికి అనుమతి కావాలి, సరేనా అని అడిగింది. సరే అన్నాను. ఎంత తేలికగా మారిందో. నాలో నేనే శభాష్ అనుకుని, పాత ఖాతాలోకి తిరిగి వచ్చాను.

తెర ఖాళీగా ఉంది. నాన్న పెట్టుకున్న గుడి ఫోటో లేదు. నా ప్రోగ్రాం లేదు. ‘పాటలు’ అని నాన్న రాసుకున్న ఫోల్డర్ లేదు. తాత్కాలిక ఖాతాలో ఉన్నావు, ఇక్కడ చేసిన పని ఏదీ మిగలదు అని మూలన ఒక చిన్న హెచ్చరిక మాత్రం వచ్చి పోయింది.

ఆ పాటలు చెప్పినవాళ్లలో ఇద్దరు ముసలమ్మలు అప్పటికే లేరు. నాన్న రాసుకున్న కాగితాలు టైపు అయ్యాక పొయ్యిలోకి పోయేవి. ఈ సంగతి ఆ క్షణం దాకా నాకు ఎప్పుడూ తట్టలేదు.

డాబా ఎక్కి స్నేహితురాలికి చేస్తే ఎత్తలేదు. అమ్మకు చేశాను. అమ్మ అప్పుడే డ్యూటీ దిగి అన్నం తింటోంది. ఏడుస్తూ చెప్పాను. అమ్మకు కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు. అంతా విని, “నాన్నకి సెప్పేవా?” అంది.

“లేదు. ఆఫీసు నుంచి వచ్చేలోగా బాగుసేద్దామని…”

“అలాగ సెయ్యకు. ఒక సూదికి బదులు ఇంకో సూది ఇచ్చేసేవనుకో, ముందు డాట్రుకి సెప్తాం. దాసిపెట్టి సర్దబోతే ఇంకోటి పోతాది. రాగానే సెప్పేయి.” తర్వాత గొంతు తగ్గించి, “తిట్టడు లేమ్మా,” అంది.

నాన్న తడిసిన గొడుగు వరండాలో ఆరబెట్టి లోపలికి వచ్చే సరికి నేను కంప్యూటర్ ముందే కూర్చుని ఉన్నాను. దాచడానికి ఏమీ లేకుండా తెర అలాగే వదిలేశాను. ఖాళీ తెర చూశాడు. నన్ను చూశాడు. మొత్తం చెప్పాను. ప్రశ్న గుర్తుల దగ్గర్నుంచి చెప్పాను.

ఎందుకు మార్చావు అని అడగలేదు. “తెలుగు దానికి సేతకాదన్నమాట,” అన్నాడు. అంతే. చెప్పులు విప్పి, వంటింట్లోకి వెళ్లి, టీ పెట్టుకున్నాడు. నాకూ ఒక గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మా నాన్న కోపమొస్తే కేకలేసే మనిషి. ఆరోజు కేకలేసి ఉంటే నాకు బాగుండేది.

స్నేహితురాలు గంట తర్వాత ఫోన్ చేసింది. వానలో పద్మపూర్ బజారు దాకా నడిచి, నెట్ సెంటర్లో కూర్చుని, నాకేం చెప్పాలో రెండు కాగితాల నిండా రాసుకుని వచ్చింది. నేను చేసిన పని దానికి తెలియదు. చెప్పాను. తిట్టింది, నాన్న తిట్టనిదంతా కలిపి. తర్వాత మళ్లీ గొడుగేసుకుని బజారుకు వెళ్లింది. ఇంకో అరగంటకు ఫోన్. ఈసారి నాన్న కూడా డాబా మీదికి వచ్చి పక్కన నిలబడ్డాడు.

“పాటలెక్కడికీ పోలేదు,” అంది ముందుగా. “ఫోల్డర్ అలాగే ఉన్నాది. ఖాతా పాత పేరుతో ఎతుక్కుంటంది, అక్కడేటీ దొరక్క ఖాళీ గది సూపిత్తంది. కొత్త ఖాతాలోంచి ఎళ్లి సూడు.”

వెళ్లి చూశాను. తెరవబోతే, ఈ ఫోల్డర్ చూడడానికి నీకు అనుమతి లేదంది. కొనసాగించమంటావా అని కింద ఒక మీట ఉంది. నొక్కాను. పచ్చగీత ఒకటి చాలాసేపు పాకింది. తెరుచుకుంది. లోపల ‘పాటలు’. అందులో అన్నీ, ఒకదాని కింద ఒకటి. నాన్న వంగి, అద్దాలు సర్దుకుని, పైనుంచి కిందిదాకా పేర్లు చదువుకున్నాడు. చివర దాకా వచ్చాక నడుము నిటారుగా చేసి ఊపిరి వదిలాడు.

ఇక పాత పేరు తిరిగి పెట్టాలి. ఉన్నది ఉన్నట్టుగా, ఒక్క గుర్తు తేడా లేకుండా. నేను తెరిచిన కొత్త ఖాతాలో తెలుగు మీటలు లేవు. ఉన్నా నాకు కొట్టడం రాదు.

“నాన్నా, నువ్వే కొట్టాల,” అన్నాను.

కుర్చీ ఇచ్చాను. కీబోర్డుకు తెలుగు చేర్చుకుని, తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని కొట్టాడు. మ. దీర్ఘం. ఖాళీ. ఇ. ల. పొల్లు. మళ్లీ ల. కొమ్ము. వేళ్ల మీద లెక్కపెడుతూ చూశాను. ఖాళీ తీసేస్తే ఏడు. మనకు ‘ల్లు’ ఒక్క అక్షరం. దానికి నాలుగు. “అవును మరి,” అన్నాడు నాన్న, ఎన్నాళ్లుగానో తెలిసిన సంగతిలా. నేను డాబా మీదికి పరిగెత్తి స్నేహితురాలికి ఆ లెక్క చెప్పాను. “ఇప్పుడదా ముఖ్యం?” అని కసిరింది గానీ, దానికీ సంతోషమే.

ఇంకో పని మిగిలింది. లోపల ఎక్కడో లోతుగా ఖాతాల చిట్టా ఒకటి ఉంటుంది. అందులో మా ఖాతా వెనుక, దీన్ని పక్కన పెట్టానన్నట్టు, బి-ఏ-కె అని ఒక తోక తగిలింది. ఆ తోక తీసెయ్యాలి. అది ఎక్కడుందో స్నేహితురాలు కాగితంలోంచి చదువుతుంటే, నేను ట్యాంకు పక్కన ఫోన్లో విని మెట్ల దాకా వచ్చి కేకేస్తే, నాన్న కింద కూర్చుని వెతికాడు. “కుడిపక్క సిన్న బాణం నొక్కమను… కిందికి… ఇంకా కిందికి…” పద్మపూర్‌లో ఒకరు, డాబా మెట్ల మీద ఒకరు, ముందుగదిలో ఒకరు. ముగ్గురం కలిసి ఆ తోక కోసేశాం. కంప్యూటర్ ఆపి వేశాం. గుడి ఫోటో వచ్చింది.

నాన్న నా తల మీద చెయ్యి పెట్టి, జుట్టు తడిగా ఉంది తుడుచుకో అన్నాడు.

ప్రోగ్రాం మాత్రం ఇంకా నడవలేదు. అది మర్నాటి పని. స్నేహితురాలు మొదటిసారి రాసుకున్న కాగితంలోనే దానికి జవాబుంది. డి డ్రైవ్‌లో చిన్న పేరుతో, ఖాళీ లేకుండా, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఫోల్డర్ చేసి అందులో పనిచేసుకోమంది. కంపైలర్ పని మధ్యలో చిత్తుకాగితాల్లాంటివి పడేసుకునే చోటు ఇంకొకటుంటుంది, దాన్ని కూడా డి డ్రైవ్‌కు తిప్పమంది. అంతే. ‘మా ఇల్లు’ ఉన్నచోటే ఉంది. ఇంత చిన్నదానికి నేను ఇల్లంతా పీకి పందిరేశాను.

నాన్న ఆరోజు సెలవు పెట్టాడు. వాన అన్నాడు గానీ, వానకు ఎప్పుడూ సెలవు పెట్టని మనిషి. ఇంకో కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు. నల్ల తెర మీద మొదటిసారి ప్రోగ్రాం నడిచి, స్టేషన్ పేరు చెప్పమని అడిగింది. కోరాపుట్ అని ఇచ్చాను. ఎక్కడికి అంది. టికిరి అని నాన్న చెప్పాడు. కాశీపూర్‌కు అమ్మ దిగే స్టేషన్. గంటలు, నిమిషాలు వచ్చాయి. “అంత తక్కువేటి? మీ అమ్మ సెప్పేది వేరు,” అన్నాడు. నిజమే, ఒకచోట కూడిక తప్పు రాశాను. సరిచేసి మళ్లీ కంపైల్ చేశాను.

‘పర్మిషన్ డినైడ్.’

రెండు నిమిషాల క్రితం నడిచిందే. ఏమీ మార్చలేదు, ఒక్క కూడిక తప్ప. మళ్లీ నొక్కాను. అదే. మళ్లీ అదే. అనుమతి అన్న మాట చూస్తేనే నిన్నటి భయం తిరిగి వచ్చింది. కీబోర్డు ముందుకు తోసేసి, ఇంక నావల్ల కాదన్నాను.

నాన్న తెర కింది అంచు వైపు చూస్తున్నాడు. “అమ్మీ, ఆ కిందున్నదేటి? ఇంకో నల్ల డబ్బా?”

“అదా… ఇందాక నడిచిన ప్రోగ్రాం. మూయలేదు.”

“ఇంకా నడుస్తన్నాదేటి?”

“ఊ.”

“మరి ఎలాగిత్తాది? మా రికార్డు గదిలోనైనా అంతే. ఒక ఆఫీసరు ఫైలు ముందేసుకుని సదువుతుంటే, ఇంకోడొచ్చి అదే ఫైల్లో కాగితం మారుత్తానంటే ఇత్తామేటి? ముందు ఆయన దగ్గర్నుంచి తెప్పించాల. మూసేయి దాన్ని.”

మూశాను. మళ్లీ నొక్కాను. నడిచింది.

నాన్న తన జీవితంలో చూసిన మొదటి ప్రోగ్రాం అది. నేను ఆయన్నే చూస్తుండిపోయాను. ఆయన మాత్రం అదేమీ పట్టనట్టు, “టికిరి ఇప్పుడెంత వచ్చింది?” అని అడిగాడు. ఈసారి అమ్మ చెప్పే లెక్కకు దగ్గరగా వచ్చింది. ఆ తర్వాత రోజంతా ఆయన ఒక్కో స్టేషన్ పేరూ చెప్పడం, నేను కొట్టడం. సొరంగం దాటాక రైలు ఎక్కడ నెమ్మదిస్తుందో, ఎక్కడ గేదెలు అడ్డొస్తాయో, ఈ లైను పడ్డ కొత్తలో అమ్మను దింపడానికి టికిరి దాకా వెళ్లి తిరుగు రైలు తప్పి ప్లాట్‌ఫాం మీద ఎలా కూర్చున్నాడో అన్నీ చెప్పాడు. ఆ కబుర్లలో కొన్ని నేను అదే మొదటిసారి వినడం.

మధ్యాహ్నం ఇద్దరం కలిసి వంట చేశాం. రాగి జావ పలుచనైంది. ఎండుచేపలు కాస్త మాడాయి. అమ్మ లేదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

లైను బాగుపడే లోపే సెలవులు అయిపోయాయి. నేను లక్ష్మీపూర్ మీదుగా బస్సులో రాయగడ వెళ్లాను. కొండ మలుపుల్లో బస్సు ఆగి ఆగి, మూడు చోట్ల మమ్మల్ని దింపి నడిపించి, సాయంత్రానికి చేరింది. స్నేహితురాలు అంతకుముందు రోజే వచ్చేసింది. హాస్టల్ గదిలోకి నేను అడుగు పెట్టగానే నన్ను చూసి, “ఈసారి నేను ముట్టుకోకు అంటే?” అంది. “ముట్టుకోను,” అన్నాను. సబ్బు ఇచ్చి స్నానానికి పంపింది.

మర్నాడు ల్యాబులో ప్రాజెక్టు చూపించాను. మా మాస్టారు కోడ్ మీద కంటే స్టేషన్ల మధ్య వేళల మీదే ఎక్కువ ప్రశ్నలడిగారు. ఆయనది ఆ లైను మీద ఊరే. ఎక్కడ ఆలస్యమవుతుందో ఇంత సరిగ్గా ఎలా రాశావన్నారు. మా నాన్న చెప్పారన్నాను. ఆయన నవ్వి సంతకం పెట్టేశారు. వచ్చిన మార్కులు ఇప్పుడు గుర్తు లేవు.

ఇప్పుడు నేను కూడా అలాంటి ఒక ల్యాబులోనే పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. స్నేహితురాలు విజయనగరంలో స్థిరపడింది. అమ్మా నాన్నా రిటైరై కోరాపుట్‌లోనే ఉన్నారు. నాన్న టైపు చేసిన పాటలు పుస్తకంగా కుట్టించి గుడిలో పంచాడు. ఒకావిడ అది ఇంటికి పట్టుకెళ్లి, వాళ్లమ్మ పాట రెండో చరణంలో ఒక మాట తప్పుగా పడిందని మరుసటి వారం వచ్చి పోట్లాడింది. నాన్న ఇంటికి వచ్చి సరిచేశాడు.

నేను నాన్నతో ఒక్కదాన్నీ, వేరే ఎవరూ లేకుండా, తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటూ ఇంట్లో గడిపింది ఆ కొద్ది రోజులే. అంతకుముందు నాకు బడి, ఆయనకు ఆఫీసూ టైపూ, తర్వాత హాస్టల్, ఆ తర్వాత ఉద్యోగం. ఇంటికి వెళ్తే ఇప్పుడు చుట్టూ అందరూ ఉంటారు, పిల్లలుంటారు, టీవీ ఉంటుంది. వాన గట్టిగా పట్టినప్పుడు మాత్రం మా ఇద్దరికీ ఆ రోజులు ఒకేసారి గుర్తొస్తాయనుకుంటాను. నాన్న లేచి టీ పెడతాడు. అందరికీ పెట్టినా, నా గ్లాసు మాత్రం తనే స్వయంగా తెచ్చిస్తాడు.